ఫోను తాళాలు, పాల డబ్బు: బయటి స్టోర్ల నుండి యాప్ వేసుకొనే పద్ధతి

సభ్యుల విద్యా పాఠం (సంఘ సమావేశంలో చదివి వినిపించుటకు)

రచన: సహకార ఇన్‌స్పెక్టరు, అనంతపురం



మన అనంతపురం మెట్ట నేలలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసిన ఏడు ఇల్లు నడిపేది పాల బిల్లే. వెనుక ఆ బిల్లును కార్యదర్శి లెక్కగట్టి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు అది బ్యాంకు ఖాతాలో పడుతున్నది. పడినట్లు కబురు ఫోనుకు వస్తున్నది. డబ్బు తీసేందుకు కావలసిన రహస్య సంఖ్య కూడా ఆ ఫోనుకే వస్తున్నది. కావున ఫోను మాట్లాడే సాధనం మాత్రమే కాదు, ఇంటి ట్రంకు పెట్టె కూడా. ఆ పెట్టెకు ఎన్ని తాళాలు ఉన్నవో, వేటిని మనం తీయవచ్చునో, తీసిన తర్వాత ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఒక సంఘంలో జరిగినది

గత సంవత్సరం కల్యాణదుర్గం వైపు ఒక చిన్న సంఘానికి తనిఖీకి వెళ్లాను. పుస్తకాలన్నీ సరిగా ఉన్నవి. సంతకం చేసి లేవబోతుండగా ఒక సభ్యురాలు గడప దగ్గర నిలబడి, "సార్, నా బిల్లు పోయినాది" అన్నది. రిజిస్టరు తిరగేశాను. పదిహేను రోజుల బిల్లు చెల్లించినట్లే ఉన్నది, బ్యాంకులో జమ అయినట్లే ఉన్నది. ఇంటికి మాత్రం చేరలేదు.

విచారించగా తెలిసినది ఇది. ఆమెకు మొదట ఉన్నది చిన్న జియోఫోన్. అందులో వాట్సాప్ ఆగిపోవడంతో అక్క కొడుకు తన పాత ఆండ్రాయిడ్ ఫోను ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక పంచాంగం యాప్‌ను వాట్సాప్‌లో ఫైలుగా పంపి ఎక్కించాడు. అందుకోసం "వాట్సాప్ నుండి వచ్చే యాప్‌లను ఎక్కించవచ్చు" అనే అనుమతి ఇచ్చాడు. పని అయిన తర్వాత ఆ అనుమతిని తీసివేయలేదు. కొన్ని నెలలకు ఊరి గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. "పేరులో కిసాన్ అని ఉండాది సార్. సర్కారోళ్లు రెండు వేలు వేస్తారు గదా, దానికేమో అనుకొని నొక్కినాను" అన్నది ఆమె. ఫోను అడిగిన చోటల్లా సరే అని నొక్కింది. ఆ రాత్రి ఆమె ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యలన్నీ వేరెవరికో వెళ్లినవి. పాల బిల్లు, దానితో పాటు వేరుశనగ అమ్మిన డబ్బు పోయినవి. సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైంది. కొద్ది మొత్తం మాత్రమే తిరిగి వచ్చింది.

ఇందులో తలుపు తీసిన కుర్రవాడు చెడ్డవాడు కాదు. తలుపు తీయడమూ నేరం కాదు. తీసిన తలుపును వేయకపోవడమే తప్పు. ఈ పాఠం మొత్తానికి సారాంశం ఇదే.

1. ఫోను తాళాలు మూడు రకాలు

మొదటిది సిమ్ తాళం. ఫోను ఒకే కంపెనీ సిమ్ కార్డుతో పనిచేస్తుంది. వేరే సిమ్ వేస్తే అంగీకరించదు.

రెండవది స్టోరు తాళం. ఫోను అమ్మిన కంపెనీ చూపిన అంగడి నుండి మాత్రమే యాప్‌లు దించుకోవాలి.

మూడవది బూట్‌లోడర్ తాళం. ఫోను లోపలి మూల సాఫ్ట్‌వేరును మార్చకుండా వేసిన తాళం.

ఈ మూడింటిని కలిపి ఒకటే అనుకోవడం వల్ల చాలామంది మోసపోతున్నారు. సిమ్ తాళం తీసినంత మాత్రాన బయటి యాప్‌లు రావు. బయటి యాప్ వేసుకొనేందుకు సిమ్ తాళం తీయనక్కరలేదు. "అన్ని తాళాలు తీసిపెడతాను, ఇంత ఇవ్వండి" అనే దుకాణదారుని మొదట "ఏ తాళం?" అని అడగండి.

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు ఉపయోగం. అక్కడ చాలా ఫోన్లను టెలిఫోను కంపెనీలే వాయిదాల మీద అమ్ముతాయి, తాళాలూ అవే వేస్తాయి. ఏటీ అండ్ టీ అనే కంపెనీ 2010లో అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లలో బయటి యాప్‌లకు అనుమతి ఇచ్చే మీటనే తీసివేసింది. 2011 మార్చిలో అమెజాన్ సంస్థ సొంత యాప్ స్టోరు తెరిచింది. ఆ స్టోరు తమ ఫోన్లలో రాదని వాడకందారులు గట్టిగా అడిగారు. అదే సంవత్సరం మే నెలలో కంపెనీ ఆ మీటను తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. అడిగితే తాళం వదులుతుందనడానికి ఇది ఉదాహరణ.

మన పల్లెల్లోనూ అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లలు తెచ్చి ఇచ్చిన ఫోన్లు ఉన్నవి. వాటికి సిమ్ తాళం ఉంటే, ఫోను బాకీ తీరిన పిమ్మట అక్కడి కంపెనీ చేతనే తీయించాలి. ఇక్కడి అంగడిలో తీయించబోయి ఫోను పోగొట్టుకోవద్దు.

2. జియోఫోన్ చెప్పిన పాఠం

మన దేశంలో తాళం ఉన్న ఫోను అంటే అందరికీ తెలిసినది జియోఫోన్. దానిని 2017 జూలై 21న ప్రకటించారు. 1,500 రూపాయల ధరావతు కట్టి తీసుకొంటే మూడేళ్ల తర్వాత ఆ సొమ్ము తిరిగి ఇస్తామన్నారు. పేదవాని ఇంటికి 4జి తెచ్చిన ఫోను అది. అయితే అందులో జియో సిమ్ ఒక్కటే పనిచేసేది. యాప్‌లు జియోస్టోర్ నుండే రావాలి. లోపలి సాఫ్ట్‌వేరు పేరు కైఓఎస్.

మొదట దానిలో వాట్సాప్ లేదు. 2018 సెప్టెంబరులో వచ్చింది. మన సంఘాలు గ్రూపులు పెట్టి టీకాల తేదీలు, దాణా రాక తెలుపుకొన్నవి. తర్వాత కైఓఎస్ ఫోన్లలో వాట్సాప్‌ను కొత్తగా దించుకొనే వీలు 2024 జూన్‌లో ఆగింది. ఉన్నవారికి కూడా 2025లో ఆగింది. ఫోను పాడు కాలేదు, నెలనెలా రీచార్జీ కడుతూనే ఉన్నారు. అయినా కబురు రావడం ఆగింది. ఒకే అంగడి మీద ఆధారపడితే, ఆ అంగడిలో సరుకు లేని రోజున మనకు వేరే దారి ఉండదు.

ఇక్కడే దళారులు ప్రవేశించారు. "జియోఫోన్‌కు వాట్సాప్ ఏపీకే" అని ఫైళ్లు పంచారు. సభ్యులు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమంటే, ఏపీకే అనేది ఆండ్రాయిడ్ ఫోను కొరకు కట్టిన మూట. కైఓఎస్ యాప్‌ల కట్టుబడి వేరు. డీజిలు ఇంజనులో పెట్రోలు పోసినట్లే, అది అక్కడ నడవదు. ఓమ్నిఎస్‌డి అనే సాధనంతో కైఓఎస్‌లో బయటి యాప్‌లు ఎక్కించిన ఔత్సాహికులు ఉన్నారు. కాని జియోఫోన్‌లో అందుకు లోపలి సాఫ్ట్‌వేరును కదిలించాలి. తేడా వస్తే ఫోను మళ్లీ వెలగదు. పాల డబ్బు కబురు వచ్చే ఫోనుతో ఆ ప్రయోగం చేయవద్దు. జియోఫోన్ ఉన్నవారు మాటలకు, మెసేజీలకు దానినే వాడుకొనండి. యాప్‌లు అవసరమైతే ఆండ్రాయిడ్ ఫోనుకు మారండి.

3. ఒకే గుమ్మం: మంచి, చెడు

మన సంఘానికి వచ్చిన ప్రతి క్యానునూ టెస్టరు మొదట మూత తీసి వాసన చూస్తాడు. తర్వాత లాక్టోమీటరు, ఆ పైన వెన్న శాతం. గుమ్మం ఒక్కటే కనుక పరీక్ష తప్పదు. గూగుల్ ప్లే స్టోరు కూడా అటువంటి గుమ్మమే. అక్కడ కొంత పరీక్ష జరుగుతుంది. అక్కడా అప్పుడప్పుడు కల్తీ సరుకు దూరుతున్నది గాని, వాట్సాప్‌లో వచ్చే ఫైలుకు అసలు పరీక్షే లేదు.

అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఏమవుతుందో పాడి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. గుజరాత్‌లోని ఖేడా రైతులు పోల్సన్ అనే ఒకే కంపెనీకి పాలు పోయవలసి వచ్చి, ధర గిట్టక, 1946లో తమ సహకార యూనియన్ కట్టుకొన్నారు. అమూల్ పుట్టినది అక్కడే. వారు పరీక్షను కాదనలేదు, రెండవ గుమ్మం కోరారు. తమ గుమ్మంలో పరీక్షను తామే పెట్టుకొన్నారు.

యాప్‌ల విషయంలోనూ ఈ తగాదా నడిచింది. భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను ఖాయం చేసి, బయటి స్టోర్లకు సంబంధించిన వాటితో సహా కొన్ని ఆదేశాలను మాత్రం కొట్టివేసింది. అయినా ఆండ్రాయిడ్ ఫోనులో వేరే స్టోరు వేసుకోవడం చట్ట విరుద్ధం కాదు. ఐఫోన్ సంగతి వేరు. ఐరోపా దేశాల్లో చట్టం వచ్చినందున 2024 మార్చి నుండి అక్కడ ఐఫోన్‌కు బయటి స్టోర్లు వచ్చినవి.

4. నమ్మదగిన బయటి స్టోర్లు

మొబైల్ సేవా యాప్‌స్టోర్: కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ కొరకు సి-డాక్ సంస్థ నడిపే స్టోరు. ప్రభుత్వ సేవల యాప్‌లు ఇందులో ఉంటాయి.

ఇండస్ యాప్‌స్టోర్: ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరి 21న ప్రారంభించింది. తెలుగుతో సహా 12 భారతీయ భాషలలో వాడుకోవచ్చు. ఇంగ్లీషు చదవలేని సభ్యులకు ఇది సౌకర్యం.

ఎఫ్-డ్రాయిడ్: 2010లో మొదలైనది. మూల లిపి, అనగా యాప్‌ను రాసిన అసలు రాత, అందరికీ కనబడేలా పెట్టిన యాప్‌లను మాత్రమే ఇందులో ఉంచుతారు. పరీక్ష లెక్కను గోడ మీద రాసిపెట్టిన సంఘం వంటిది. బ్యాంకు యాప్‌లు ఇందులో దొరకవు.

బ్యాంకు యాప్, డబ్బు పంపే యాప్ మాత్రం ఫోనుతో వచ్చిన స్టోరు నుండే వేసుకోవాలని నా సలహా.

5. వేసుకొనే పద్ధతి (ఆండ్రాయిడ్ ఫోను)

(అ) స్టోరు చిరునామాను బ్రౌజరులో మీరే టైపు చేయండి. ఎవరో పంపిన లింకును నొక్కవద్దు.

(ఆ) స్టోరు ఫైలు దిగిన తర్వాత తెరిస్తే, "ఈ మూలం నుండి యాప్‌లకు అనుమతి లేదు" అనే అర్థం వచ్చే హెచ్చరిక కనబడుతుంది. అక్కడే సెట్టింగ్స్‌కు వెళ్లి బ్రౌజరుకు అనుమతి ఇవ్వండి.

(ఇ) స్టోరును ఇన్‌స్టాల్ చేయండి.

(ఈ) వెంటనే వెనుకకు వెళ్లి బ్రౌజరుకు ఇచ్చిన అనుమతిని తీసివేయండి. ఈ మెట్టును ఎవరూ దాటవేయరాదు.

(ఉ) స్టోరు నుండి మొదటి యాప్ దించేటప్పుడు స్టోరుకు కూడా అదే అనుమతి అడుగుతుంది. స్టోరు నమ్మదగినదైతే ఇవ్వవచ్చు.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో దీనికి ఒకే మీట ఉండేది. తీస్తే ఊరందరికీ తలుపు తీసినట్లే. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుండి ఒక్కొక్క యాప్‌కు విడివిడిగా అనుమతి పెట్టారు. కనుక బ్రౌజరుకు, వాట్సాప్‌కు, ఫైళ్లు చూపే యాప్‌కు అనుమతి ఉన్నదా లేదా అని వేరువేరుగా చూడాలి. ఆ జాబితా సెట్టింగ్స్‌లో యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అనే చోట ఉంటుంది. ఫోను కంపెనీని బట్టి మాటలు కొంచెం మారవచ్చు. వాట్సాప్ ఎదుట అనుమతి ఎన్నడూ ఉండరాదు.

ఈ పని చేస్తూ ఎవరైనా "ప్లే ప్రొటెక్ట్‌ను ఆపివేయండి" అని చెబితే అక్కడే ఆపండి. అది ఫోనులోని కాపలా కుక్క. కుక్కను కట్టేయమనే చుట్టం మంచివాడు కాదు.

6. ఎక్కించే ముందు పరీక్ష

పాలకు మూడు పరీక్షలు ఉన్నట్లే యాప్‌కూ మూడు పెట్టుకొందాం.

వాసన పరీక్ష: ఇది ఎక్కడ నుండి వచ్చింది? పెండ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, కిసాన్ డబ్బు, కరెంటు బిల్లు అనే పేర్లతో ఏపీకే ఫైలు వస్తే అది మోసమే. పెండ్లి పత్రిక చూచేందుకు యాప్ ఎక్కించనక్కరలేదు. తెలిసినవారి నంబరు నుండి వచ్చినా నమ్మరాదు. వారి ఫోను ముందే చెడి ఉండవచ్చు.

లాక్టోమీటరు పరీక్ష: ఏమేమి అనుమతులు అడుగుతున్నది? మెసేజీలు చదవడం, నోటిఫికేషన్లు చదవడం, యాక్సెసిబిలిటీ అనగా తెర మీది పనిని తానే చేసే అధికారం. ఈ మూడు అడిగే కొత్త యాప్‌ను వెంటనే తిరస్కరించండి. పంచాంగానికి మీ మెసేజీలతో పనేమి? బ్రౌజరు నుండి గాని, మెసేజీల యాప్‌ల నుండి గాని వచ్చి ఇటువంటి అనుమతులు అడిగే యాప్‌లను ఎక్కకుండా ఆపే పద్ధతిని గూగుల్ మన దేశంలో 2024లో ప్రయోగంగా ప్రకటించింది కూడా. ఆ హెచ్చరిక వస్తే దానిని దాటే దారి వెదకవద్దు.

ముద్ర పరీక్ష: ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కు చేసినవారి సంతకం ఉంటుంది. మన పశువు చెవి ట్యాగులోని 12 అంకెల సంఖ్య వంటిది. ఉన్న యాప్ మీద కొత్తది ఎక్కించబోతే, సంతకం కలవనప్పుడు ఫోను నిరాకరిస్తుంది. అప్పుడు "పాతది తీసివేసి ఇది వేయండి" అని ఎవరైనా అంటే, ట్యాగు మార్చిన గేదెను మనకు అమ్మజూపుతున్నారని గ్రహించాలి.

7. తప్పు జరిగినట్లయితే

ముందు ఫోనులో డేటా, వైఫై ఆపండి. ఏరోప్లేన్ మోడ్ వేస్తే రెండూ ఆగుతాయి. తర్వాత వేరొకరి ఫోను నుండి 1930కి చెప్పండి. ఆ వెంటనే బ్యాంకుకు తెలిపి ఖాతాను ఆపించండి. వచ్చిన మెసేజీని తుడిచివేయవద్దు, అది సాక్ష్యం. యాప్ తీయడం, ఫోనును మొదటి స్థితికి తేవడం ఆ తర్వాత.

ఆలస్యం ఎందుకు పనికిరాదో చెబుతాను. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులరులో పెట్టిన సూత్రం ఇది: ఖాతాదారు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం బ్యాంకుకు తెలిపేవరకు ఖాతాదారుదే, తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అనగా చెప్పిన ఘడియే హద్దు. పైన చెప్పిన సభ్యురాలు మొదటి రోజే నోరు విప్పి ఉంటే కొంతైనా మిగిలేది. ఆమె మౌనానికి కారణం నలుగురూ నవ్వుతారన్న భయం. కావున నవ్వకుండా ఉండటం కూడా సంఘం బాధ్యతే.

8. సంఘం చేయవలసిన పని

ఆనాడు రిజిస్టరులో అంతా సరిగా ఉన్నదని సంతకం చేసిన తర్వాతనే ఆమె గోడు విన్నాను. మా తనిఖీ ఫారంలో ఫోనుకు గడి లేదు. గడి లేకపోయినా పని మనదే. కనుక ఈ క్రింది సూచనలు పాలకవర్గం ముందు పెట్టి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.

(అ) పాల బిల్లు పడే రోజున సంఘం గదిలో ఒక గంట ఫోను తనిఖీ జరపాలి. ఒక్కొక్క ఫోనులో అన్‌నోన్ యాప్స్ జాబితా చూచేందుకు రెండు నిమిషాలు చాలు.

(ఆ) చూపేవారు పక్కన కూర్చొని చెప్పాలి. నొక్కవలసినది సభ్యుడే, సభ్యురాలే. ఫోనును, రహస్య సంఖ్యను మరొకరి చేతిలో పెట్టరాదు.

(ఇ) సంఘం ఏ యాప్‌నూ వాట్సాప్‌లో ఫైలుగా పంపరాదు. యాప్ పేరు, స్టోరు పేరు నోటీసు బోర్డు మీద రాయాలి. మన అలవాటే సభ్యుల అలవాటు అవుతుంది.

(ఈ) గ్రూపులో ఏపీకే ఫైలు కనబడితే కార్యదర్శి వెంటనే తొలగించి, అందరికీ మాటతో హెచ్చరిక పంపాలి.

పునశ్చరణ ప్రశ్నలు

1. ఫోను తాళాలు ఎన్ని రకాలు? బయటి యాప్‌కు అడ్డు వచ్చేది ఏది?
2. ఏపీకే ఫైలు జియోఫోన్‌లో ఎందుకు పనిచేయదు?
3. బయటి స్టోరు వేసుకొన్న వెంటనే చేయవలసిన పని ఏమి?
4. కొత్త యాప్ ఏ మూడు అనుమతులు అడిగితే తిరస్కరించాలి?
5. మీ ఫోనులో వాట్సాప్‌కు యాప్‌లు ఎక్కించే అనుమతి ఉన్నదా? ఇప్పుడే చూచి చెప్పండి.

అయిదవ ప్రశ్నకు జవాబు పుస్తకంలో రాయనక్కరలేదు. సమావేశం ముగిసేలోగా ప్రతి ఒక్కరూ తమ ఫోను తీసి చూచుకొంటే ఈ పాఠం ప్రయోజనం నెరవేరినట్లే.